తల్లి లేని ఎలుకలు

నేను రాసిన పరిశోధనా వ్యాసంలో ఒక వాక్యం ఉంది. "జంతువులన్నిటినీ ఒకే ప్రామాణిక పద్ధతిలో సాకాము" అని. చదివేవాళ్లెవరూ ఆ వాక్యం దగ్గర ఆగరు. పెళ్లిపత్రిక మీద శుభం లాగా ప్రతి వ్యాసంలోనూ ఉండే మాటే అది. నా వ్యాసంలో మాత్రం అది అబద్ధం. రాసేటప్పుడే అబద్ధమని నాకు తెలుసు.

అప్పట్లో నేను కర్నూలులో ఒక కళాశాల ప్రయోగశాలలో పిహెచ్‌డి చేస్తున్నాను. మాది కడప పక్క పల్లె. ఇంట్లోవాళ్లను ఎవరైనా అడిగితే "మా పాప ఎలుకల డాక్టరు" అనేవాళ్లు. సరిదిద్దే ఓపిక లేక ఊరుకునేదాన్ని. నిజానికి ఆ మాటలో తప్పేమీ లేదు, ఎలుకలకు నావల్ల ఏ మేలూ జరగలేదన్నది తప్ప.

మెదడులో భయాన్ని అదుపులో పెట్టే నాడీకణాలు కొన్ని ఉంటాయి. భయం మితిమీరిన చోట ఆ అదుపు తక్కువైందని ఒక ఆలోచన. ఇంకా పుట్టని ఎలుకపిల్లల మెదడులోంచి, నాడీకణాలుగా ఎదగబోయే లేత కణాలను తీసి, పెద్ద ఎలుకల మెదడులో సూదితో పెడితే అవి అక్కడే ఎదిగి భయాన్ని తగ్గిస్తాయా అన్నది మా ప్రశ్న. ప్రికర్సర్ కణాలంటాం వాటిని. పిల్లలు కడుపులో ఉండగానే తీయాలి. అంటే చూడి ఎలుకను చంపాలి. వ్యాసంలో అది సగం వాక్యంలో అయిపోతుంది. చేతులతో చేసేటప్పుడు అంత తొందరగా అవదు.

భయాన్ని కొలవడానికి నడుమెత్తున నిలబెట్టిన ఒక చెక్క ఉండేది, కూడిక గుర్తు ఆకారంలో. దాని నాలుగు చేతుల్లో రెండింటికి గోడలుంటాయి, రెండింటికి ఉండవు. బెదిరే ఎలుక గోడల మధ్యే నక్కుతుంది. బెదురు లేనిది గోడల్లేని వైపు నడిచి వచ్చి, అంచు మీంచి కిందికి తొంగి చూస్తుంది. ఐదు నిమిషాలు వీడియో తీసి, ఎంతసేపు బయట తిరిగిందో లెక్కపెడతాం. ఇందులో ఒక చిక్కుంది. ఎలుకను రోజూ చేతుల్లోకి తీసుకుని నిమిరితే ఏ కణాలూ అక్కర్లేకుండానే దాని బెదురు తగ్గుతుంది. అందుకని ఎవరూ అవసరానికి మించి వాటిని ముట్టుకోకూడదని మాకు నియమం.

ఎలుకలను ఉంచే గది చూసుకోవడానికి ఒక మనిషి ఉండేవాడు. పత్తికొండ దగ్గర పల్లె. తాతల నాటి నుంచి గొర్రెలు కాసిన ఇల్లు. వరసగా వానల్లేక, మేత దొరక్క మందను అమ్మేసి మా దగ్గర కాంట్రాక్టు పనికి చేరాడు. పెట్టెలు కడగడం, పొట్టు మార్చడం, మేత, నీళ్లు. వయసులో మా నాయన ఈడువాడు. అయినా నేను "ఏమప్పా, నువ్వు" అనేదాన్ని, అతను "అమ్మా, మీరు" అనేవాడు. అందులో తప్పుందని అప్పట్లో నాకు తోచలేదు.

తెల్ల ఎలుకలన్నీ మాకు ఒకేలా కనిపిస్తాయి. ఏది ఏదో తెలియడానికి చెవుల అంచున చిన్న గాట్లు పెడతాం. అది చూసి అతను నవ్వాడు.

"మేం గూడా జీవాలకు చెవులు కోస్తామమ్మా. అది మనకోసరం గాదు. తప్పిపోతే పక్క మందోనికి తెల్యాలని. మన జీవం మనకు తెల్దా?"

మొదటిసారి చూడి ఎలుకను తెచ్చిమ్మన్నప్పుడు అతను కదల్లేదు. పెట్టె ముందు నిలబడి, "సూడి జీవాన్ని కోతకియ్యమమ్మా మేము" అన్నాడు. గొర్రెల సంతలో ఎంత ధర పలికినా చూడి గొర్రెను కటికవాళ్లకు అమ్మని మనుషులు. నాకు విసుగొచ్చింది. పక్కన కణాల కోసం మంచులో సీసాలు పెట్టి ఉన్నాయి, టైం పోతోంది. "ఇది కోత కాదప్పా. రేపు మనుషులకు మందు వస్తుంది. భయంతో కుమిలిపోయేవాళ్లు ఎంతమంది ఉన్నారో నీకు తెలుసా?" అన్నాను. అతను కాసేపు ఆలోచించాడు. తర్వాత మూత తీసి, దాన్ని రెండు చేతులతో ఎత్తి నా చేతిలో పెట్టాడు. ఆ తర్వాత ఎప్పుడూ అడ్డు చెప్పలేదు.

పాపం, ఆసక్తి ఉన్న మనిషి కదా అని ఒకరోజు మైక్రోస్కోపు కూడా చూపించాను. మేము పెట్టిన కణాలు పచ్చగా మెరిసేలా ముందే గుర్తు చేసి ఉంటాయి. ఒక ఎలుక మెదడు ముక్కలో అవి చుక్కలు చుక్కలుగా మెరుస్తున్నాయి. "చూడు, తల్లి పోయినా పిల్లల కణాలు చావలేదు. ఇక్కడ బతుకుతున్నాయి" అని గొప్పగా చెప్పాను. అతను అద్దం మీదనుంచి చాలాసేపు కన్ను తీయలేదు.

ఇక నా అసలు తప్పు. కణాలు పెట్టిన ఎలుకలతోపాటు ఒట్టి ద్రవం ఎక్కించిన ఎలుకలు కూడా ఉండాలి, పోల్చి చూడటానికి. రెండు రకాలూ ఒకేరోజు కలిపి చేయాలి. కానీ ఒక్కో ఆపరేషనుకు గంట పైన పడుతుంది. నాలుగైదు చేసేసరికి మెడ పట్టేసేది. అందుకని చూడి ఎలుక సిద్ధంగా ఉన్న రోజు కణాలు పెట్టేదాన్ని. లేని రోజు ద్రవం ఎక్కించేదాన్ని. వీడియోలు చూసేటప్పుడు ఏది ఏ రకమో నాకు తెలియకుండా మా గైడు సారు నంబర్లు మార్చి, అసలు జాబితా కవరులో పెట్టి అంటించేవారు. అంతా పకడ్బందీగా ఉందనుకున్నాం.

కవరు విప్పిన రోజు సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. కణాలు పెట్టిన ఎలుకలు గోడల్లేని చేతుల మీద హాయిగా తిరిగాయి. ద్రవం ఎక్కించినవి మూలల్లో నక్కాయి. "కర్నూలులో కూర్చుని చేశామమ్మా ఇది" అన్నారు. నేను పరుగున ఎలుకల గదికి వెళ్లి, "పనిచేసిందప్పా" అన్నాను.

"తెల్సు గదమ్మా" అన్నాడతను, పెట్టె కడుగుతూ. "అవి బెదరవు ఇప్పుడు."

మందు మీద నాకంటే నమ్మకం ఇతనికే ఎక్కువని నవ్వుకున్నాను.

ఆ తర్వాతి వారం ఒక పొద్దున కరెంటు పోయింది. ఎండాకాలం. ఏసీ ఆగితే ఎలుకలు తట్టుకోలేవని ఆరుగంటలకే వెళ్లాను. అతను బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా గుండీలు విప్పి ఉన్నాయి. బనియన్ లోపల ఏదో చిన్నగా కదులుతోంది. దాని మీద అరచెయ్యి పెట్టుకుని, కళ్లు మూసుకుని నోట్లో ఏదో కూనిరాగం తీస్తున్నాడు.

"ఏం చేస్తాండావప్పా?"

అతను ఉలిక్కిపడలేదు. "ఏం లేదమ్మా. ఎదకు పెట్టుకున్నా."

"ఎన్ని రోజులనుంచి?"

"మీరు కోసినప్పట్నుంచి. దినామూ పొద్దున్నే. మీరొచ్చేలోగా ఐపోతాది."

"అన్నిటినీనా?"

"అన్నిట్ని యాడమ్మా. తల్లి లేనియి మాత్రమే."

నాకు అర్థం కాలేదు. అతను ఓపిగ్గా చెప్పాడు. మందలో తల్లి చచ్చిన పిల్ల ఉంటే కంబళిలో చుట్టి ఎదకు కట్టుకుని తిరుగుతారట. మనిషి గుండె చప్పుడు వింటే దాని బెదురు పోతుందట. లేకపోతే పాలు ముట్టదు, పక్క గొర్రెను దగ్గరికి రానీయదు.

"ఇవి పెద్ద ఎలుకలు కదప్పా. వీటికి తల్లేంది?"

"ఇవి గాదమ్మా. వీటి తలకాయల్లో మీరు పెట్టిన పిల్లలు. అవి సావలేదు, ఈడ బతుకుతాండాయి అని మీరే గదా జూపిస్తిరి. పచ్చగ మెరుస్తాండాయి. తల్లి పోయి, తెలీని చోట పడినాయి. బెదురు ఉండదా వాటికి?"

"ఏ ఎలుకలో నీకెట్ల తెలుసు?"

"తల్లి పోయిన దినం కోసినయి. ఒట్టి నీళ్లు ఎక్కిచ్చిన దినం తల్లి పోదు గదా."

లేచి ఒక్కొక్క పెట్టే చూపించాడు. చీటీలు చూడలేదు. తర్వాత జాబితాతో సరిపోల్చుకున్నాను. ఒక్కటి కూడా తప్పు పోలేదు.

అప్పుడు నేను అరిచాను. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా ఊళ్లో అందరికీ తెలుసు, అతనికి ఆ రోజు తెలిసింది. "నీకు బుద్ధుందా? మూడేండ్ల పని గంగలో కలిపినావు" అన్నాను. ఇంకా చాలా అన్నాను, ఇక్కడ రాయలేను. అతను ఎలుకను చేతిలో పట్టుకుని, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు నిలబడ్డాడు. నేను ఆగాక పెట్టెలో మెల్లగా దించి మూత వేశాడు. "తప్పైపోయిందమ్మా" అన్నాడు. తప్పేమిటో అతనికి తెలియదు. నేను చెప్పనూ లేదు.

సారు గది పది అడుగుల దూరంలో ఉంది. వెళ్లి చెప్పి ఉండాల్సింది. మళ్లీ మొదటి నుంచి చేద్దాం అనేవారు, అంతకంటే ఏమీ అనే మనిషి కాదు. నేను ఆఫీసుకు వెళ్లాను. ఆ మనిషి నియమాలు పాటించడం లేదు, ఎలుకలను ఒంటికి పెట్టుకుంటున్నాడు, జబ్బులు అంటుకుంటాయి అని చెప్పాను. అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. కాంట్రాక్టు మనిషిని తీసేయడానికి అంతకంటే పెద్ద కారణం కూడా అక్కర్లేదు. క్రమశిక్షణ కోసం అని నాకు నేను చెప్పుకున్నాను. నా లెక్క ఎక్కడ తప్పిందో బయటపెట్టగలిగిన ఒకే ఒక్క మనిషిని పంపించేశాను. ఇది ఇలా సూటిగా చెప్పుకోవడానికి నాకు నాలుగేళ్లు పట్టింది.

పోయే రోజు చెప్పడానికి వచ్చాడు. "పోయొస్తామ్మా. ఆ మూల పెట్టెలో ఉండేదానికి నీళ్ల గొట్టం అందదు. కొంచిం కిందికి పెట్టమని చెప్పండి కొత్తగ వచ్చే ఆయప్పకు." సరే అన్నాను. తల ఎత్తలేదు.

ఆ ఎండాకాలంలోనే మరో విడత చేశాను. ఈసారి రెండు రకాలూ ఒకేరోజు. కొత్త మనిషి తొడుగులు వేసుకుని, నియమం ప్రకారం, అవసరానికి మించి దేన్నీ ముట్టుకోలేదు. కవరు విప్పితే రెండు గుంపులకూ తేడా లేదు. అన్నీ మూలల్లోనే నక్కాయి. సారు నా మొహం చూశారు. మధ్యలో రెండు రోజులు ఏసీ ఆగింది సార్, వేడికి విడత మొత్తం పాడయింది అన్నాను. కర్నూలు ఎండ మీద ఏ నేరం మోపినా ఎవరూ కాదనరు. ఆ విడతను పక్కన పెట్టి మొదటి విడతతోనే వ్యాసం రాశాం. తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాను.

కణాలు బతికిన మాట నిజం. ఆ ఎలుకలు బెదరని మాటా నిజం. రెండింటి మధ్య "కాబట్టి" అనే మాటను నేను పెట్టాను.

వ్యాసం అచ్చయింది. కళాశాలలో శాలువా కప్పారు. లోకల్ పేపర్లో నా ఫోటో వేసి, భయానికి కర్నూలు నుంచి మందు రాబోతోందని రాశారు. పరీక్షలంటే వణికే పిల్లల కోసం తల్లులు ఫోన్లు చేశారు. ఇంకా టైం పడుతుందమ్మా అని పెద్దరికంగా చెప్పేదాన్ని. ఆ వ్యాసం చూపించే ఉద్యోగం తెచ్చుకున్నాను. అదే ఉద్యోగంలో ఇప్పటికీ ఉన్నాను.

పోయిన ఏడు వేరే రాష్ట్రం నుంచి ఒక అమ్మాయి ఈమెయిల్ రాసింది. పిహెచ్‌డి విద్యార్థిని. నా వ్యాసం చూసి అదే పని ఏడాదిగా చేస్తోందట, రావడం లేదట. నా చేతుల్లోనే ఏదో లోపం ఉన్నట్టుంది మేడమ్ అని రాసింది. చివర్లో అడిగింది: "మీరు చేసి, రాయకుండా వదిలేసిన చిన్న విషయం ఏదైనా ఉందా?"

పది రోజులు జవాబివ్వలేదు. తరగతిలో పాఠం చెబుతుంటే ఆ ప్రశ్న గుర్తొచ్చేది. ఆ పిల్ల తన చేతుల్ని అనుమానిస్తోంది. నా మాట నమ్మి అక్కడ ఎన్ని చూడి ఎలుకలను చంపిందో, ఇంకా చంపుతోందో. పదకొండో రోజు సారుకు ఫోన్ చేసి అంతా చెప్పాను. రిటైరయ్యారు ఆయన. "అప్పుడే చెప్పి ఉంటే బాగుండేదమ్మా" అన్నారు. తిట్టి ఉంటే తేలికగా ఉండేది. వ్యాసం అచ్చేసిన పత్రికకు ఉత్తరం రాశాను. రెండో విడత సంగతి, పొద్దుటి పూట ఎలుకలను ఎదకు పెట్టుకున్న సంగతి, అన్నీ. ఆ అమ్మాయికీ రాశాను, నీ చేతుల్లో లోపం లేదని. నా ఉద్యోగం ఏమవుతుందో ఇంకా తెలియదు.

ఒక్క మనిషికి చెప్పడం మిగిలింది. ఉత్తరం పంపిన ఆదివారం పత్తికొండ బస్సెక్కాను. మార్కెట్ దగ్గర టమోటా గంపల మధ్య దిగి, ఆటో పట్టుకుని అతని ఊరు చేరాను. ఇంటి ముందు రేకుల పంచన పది పన్నెండు గొర్రెలు కట్టేసి ఉన్నాయి. మళ్లీ మంద కడుతున్నాడు. నన్ను చూడగానే గుర్తుపట్టి, తుండుగుడ్డతో మంచం దులిపి, చెంబుతో నీళ్లిచ్చాడు. నా ఆరోగ్యం అడిగాడు. తర్వాత లోపలికి వెళ్లి ప్లాస్టిక్ కవరులో ఒక కాగితం తెచ్చాడు. నా ఫోటో ఉన్న ఆ పేపరు ముక్క.

"మా ఊర్లో అందరికీ జూపించినానమ్మా. ఈ మందు కాడ నేను గూడా ఉంటినని."

ఇంక ఆగితే చెప్పలేనని మొదలుపెట్టాను. తెలియకుండానే "మీరు" అన్నాను. అతను ఇబ్బందిగా కదిలాడు. మీరు ఎదకు పెట్టుకున్నందువల్లే అవి బెదరకపోయి ఉండొచ్చు, మీ చెయ్యి తగలని ఎలుకలకు ఆ మందు పనిచేయలేదు, ఆ సంగతి దాచిపెట్టాను అని చెప్పాను. మిమ్మల్ని పనిలోంచి తీసేయించింది కూడా నేనే అన్నాను.

"అది తెల్సులేమ్మా" అన్నాడు. "ఆఫీసాయప్ప ఆ దినమే చెప్పినాడు. మీకు ఏదో అవసరముంటాది అనుకున్నా."

తెలిసీ ఆ కాగితాన్ని ఇన్నాళ్లు దాచుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. అతను నా వైపు చూడకుండా, నేను తేరుకునేదాకా గొర్రెల వైపు చూస్తూ ఉన్నాడు. నిజం చెప్పొద్దూ, ఏడ్చాక తేలికపడ్డాను. ఇన్నేళ్ల బరువు దించుకున్నాననిపించింది.

"అట్లయితే మందు గాదా అది?" అన్నాడు కాసేపటికి.

"తెలీదప్పా. కావచ్చు, కాకపోవచ్చు. తెలుసుకునే వీలు నేనే పోగొట్టినా."

"పట్టుకుంటే బెదురు పోతాదని మాకు తెల్సు గదమ్మా. మా నాయనకు తెల్సు. వాళ్ల నాయనకు తెల్సు. అడిగింటే చెప్తుంటిమి." ఇందులో ఎత్తిపొడుపు లేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందని నన్ను నేనే తిట్టుకున్నాను.

అతను వేళ్లు ముడుస్తూ ఏదో లెక్కపెట్టుకుంటున్నాడు. రెండు చేతుల వేళ్లూ అయిపోయి, మళ్లీ మొదటి వేలి దగ్గర ఆగాడు.

"పదకొండు తల్లులమ్మా" అన్నాడు. "ఆ దినాల్లో మీకు నేను ఎత్తిచ్చినయి."

ఆ లెక్క నాకు తెలియదు. కణాలు పెట్టిన ఎలుకలు ఎన్నో చెప్పగలను, ద్రవం ఎక్కించినవి చెప్పగలను, మెదడు ముక్కలెన్నో కూడా చెప్పగలను. తల్లులెన్నో వ్యాసంలో రాయలేదు. పత్రికకు రాసిన ఉత్తరంలోనూ రాయలేదు.

"సూడి జీవాన్ని కోతకిచ్చిన ఇల్లు గాదు మాది. మనుషులకు మందొస్తాదంటే, సరేలే అని ఇచ్చినా. రాత్రి పండుకుంటే అదే చెప్పుకుంటాంటి. పోనీలే, మందొచ్చింది గదా అని." చేతిలోని పేపరు ముక్క వైపు ఒకసారి చూసుకున్నాడు. "మరి నేను వాటినెందుకు ఇచ్చినట్టమ్మా?"

అది నిలదీయడం కాదు. నిలదీసి ఉంటే కాళ్లమీద పడేదాన్ని. చదువుకున్నదాన్ని కాబట్టి నాకు తెలిసే ఉంటుందని అతని నమ్మకం. ఆ కవరు ఒళ్లో పెట్టుకుని, నేను చెప్తానని నా మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు.